ఎలుగుబంటి పొయ్యి

చలికాలం వస్తే చాలు, అడవికంతటికీ వెచ్చదనం పంచేది ఎలుగుబంటే. పెద్ద పొయ్యి రాజేసి, బదులుగా గూటికింత తేనె పుచ్చుకునేది. దాచిన తేనెతో ఇంకో పొయ్యి కట్టిద్దామనుకుంటుండగా, మూటాముల్లెతో కూర్చున్న ఉడత కనబడింది.

“చలేస్తోందా అమ్మలూ?” అంది ఎలుగుబంటి దర్జాగా.

“లేదు మామా, వెచ్చగానే ఉంది. ఇల్లే లేదు. నీ పొయ్యిలో కాలుతున్నది మా చెట్టే.”

ఎలుగుబంటి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. తను పంచాల్సింది వెచ్చదనం గానీ మంట కాదు కదా! తేనెంతా అడవిపందులకు కూలిగా పోసి, వాటిచేత నల్లరాళ్ళను ఎండపడే గుట్ట మీదికి దొర్లించింది. పగలంతా కాగిన రాళ్ళను సాయంత్రం గూటిగూటికీ పంచింది. చల్లారిన పొయ్యిలో కౌజుపిట్ట గుడ్లు పెట్టుకుంది.

“ఇప్పుడెలా ఉందే?”

“వెచ్చగా ఉంది మామా,” అంది ఉడత కొత్త చెట్టు కొమ్మ మీంచి. “ఇల్లు కూడా ఉంది.”