పసుపు నీళ్ళు

ఆటో వెనక్కి తిరుగుతుంటే వల అంచు చక్రం కిందికి పోబోయింది.

ఆటో దిగినామె చేతిలో సంచి పడేసి, వంగి, రెండు చేతులతో వలను పక్కకు లాగింది.

అంత ఎండలోనూ మణికట్టు దాకా వేసుకున్న జాకెట్టు చేతులు పైకి జరిగాయి.

వేళ్ళ సందుల్లో ఎర్రటి పొక్కులు. మణికట్ల మీద గోకి గోకి పక్కు కట్టిన మచ్చలు.

పేరమ్మ చేతిలో కుంకుమ గిన్నె అట్లాగే ఆగింది.

అది కొత్త వల. ఇంకా ఉప్పునీళ్ళు చూడలేదు. గంగమ్మకు టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి వాకిట్లో పరిచారు. మొగుడు పోలేరయ్య ఆ పొద్దే దాన్ని సముద్రంలో దించాలి. అప్పటిదాకా ఇంటివాళ్ళ చెయ్యి తప్ప వేరే చెయ్యి దాని మీద పడకూడదు.

"వొదులు. ముందు వొదులమ్మా," అంది పేరమ్మ.

ఆమె వదిలేసి చేతులు పైటలో దాచుకుంది.

"చక్రం కింద పడతాదని..."

"ఎవురు నువ్వు?"

"రెబెక్కమ్మ అంటారు. కువైట్ నుంచి వస్తన్నా. మీ రోజారమణి చేసే ఇంట్లోనే నేనూ చేసేది. పాప మీకు సామాన్లు ఇచ్చి పంపింది."

కూతురి పేరు వినగానే పేరమ్మ మొహం విప్పారింది. చూపు మళ్ళీ ఆ పైట మీద పడింది.

పక్కింటి వెంకటశేషమ్మ గోడ మీదనుంచి తొంగి చూసింది.

"ఏందమ్మే ఆ చేతులు? అమ్మవారు పోసిందా?"

"కాదక్కా. ఏందో దద్దు. మందు రాస్తన్నా."

"కువైట్ నుంచి సెంటు సీసాలు తెస్తారనుకున్నా. ఇట్టాంటివి గూడా తెస్తారా?"

రెబెక్కమ్మ కూడా కాస్త నవ్వింది.

పేరమ్మ నవ్వలేదు.

"మా పాపకు గూడా ఉండాదా ఇది? ఇన్నాళ్ళుగా ఫోన్లో మొహం చూపీదు. కెమెరా పాడయిందంటాది."

రెబెక్కమ్మ వల వంక చూస్తూ నిలబడింది.

"లేదమ్మా. పాప బాగుండాది. కెమెరా గూడా బాగయింది. రేపు శుక్రవారం, సెలవు గదా, చూపిస్తాది."

"అయితే ఒకటి చెప్తన్నా, ఏమీ అనుకోబాక. తిరిగి పోయినాక నా బిడ్డ దగ్గరికి పోబాక. ఒక గదిలో పడుకోబాకండి."

"నేనింక పోనులేమ్మా. పనిలోనుంచి పంపించేసినారు."

"మంచి పని చేసినారు," అంది పేరమ్మ.

రెబెక్కమ్మ తల వంచుకుంది. తాగడానికి నీళ్ళడిగింది.

పేరమ్మ లోపలికి పోయి, చెంబు పక్కన పెట్టి, ఖాళీ కూల్‌డ్రింకు సీసా వెతికి నీళ్ళు పట్టింది. తెచ్చి మెట్టు మీద పెట్టింది. చేతికివ్వలేదు.

"తాగి అట్టా కంచె పక్కన పారెయ్యి."

ఆమె తాగింది. సామాన్ల సంచి గడప పక్కన ఆనించి, వచ్చిన ఆటోలోనే ఎక్కింది.

ఆటో ఇంకా మలుపు తిరగలేదు. పేరమ్మ బిందె నీళ్ళలో పసుపు కలిపి, వల మీద ఆమె పట్టుకున్న చోటల్లా కుమ్మరించింది.

ఆటోలోనుంచి ఒక తల వెనక్కి తిరిగి చూసింది.

"వల చినక్కుండా లాగింది గదే పాపం," అన్నాడు అరుగు మీదనుంచి పోలేరయ్య.

"నువ్వూరుకో."

పోలేరయ్య వల భుజానికెత్తుకుని పడవ దగ్గరికి పోయాడు.

మర్నాడు ఫోన్లో రోజారమణి మొహం కనిపించింది.

"ఎంత చిక్కిపోయినావే," అంది పేరమ్మ.

"రెబెక్కమ్మక్క వచ్చిందా మా?"

"వచ్చింది."

"అన్నం పెట్టినావా? విమానం దిగి, వాళ్ళింటికన్నా ముందు మనింటికే వస్తానంది."

"తొందరలో ఉండింది," అంది పేరమ్మ.

"నీకొకటి చెప్పలేదుమా. అక్క చేత గూడా చెప్పనని ఒట్టేయించుకున్నా."

రోజారమణి అరచెయ్యి కెమెరాకు దగ్గరగా పెట్టింది. వేళ్ళ సందుల్లో నల్లటి మచ్చలు.

"మానిపోయిందిలే. మొదట్లో అదేందో ఆస్పత్రిలో గూడా చెప్పలేకపోయినారు. మేడం నన్ను మిద్దె మీద గదిలో పడేసింది. నీళ్ళు సీసాలో పోసి మెట్టు మీద పెట్టి పొయ్యేది. నేను ముట్టిన చోటల్లా మందునీళ్ళేసి కడిగేది, నేను చూస్తుండంగానే. అట్టాంటి మనుషులు గూడా ఉంటారా మా?"

పేరమ్మ చూపు బయటికి పోయింది. వాకిట్లో ఇసుక ఇంకా పచ్చగానే ఉంది. కంచె పక్కన సీసా అట్లాగే పడి ఉంది.

"అక్క ఒక్కతే పైకొచ్చేది. ఒళ్ళంతా మందు రాసేది. పక్కనే పడుకునేది. నీకంటుకుంటాది పో అక్కా అంటే, అంటితే నాకు నువ్వు రాద్దువులే అనేది. నాకు మానేసరికి ఆమెకు అంటింది."

"మరి ఆమెనెందుకు పంపించేసినారు?" అనడిగింది పేరమ్మ.

రోజారమణి మొహం పక్కకు తిప్పుకుంది.

"మేడం బిడ్డకు గూడా రెండు పొక్కులొచ్చినయ్ మా. ఈ రోగం ఇంట్లోకి తెచ్చింది నువ్వే, నిన్ను పంపించేస్తానని మేడం నా మీదికొచ్చింది. వాళ్ళూరు వెంకటాచలంలో ఈ జీతంతో అక్క కట్టుకునే ఇల్లు ఇంకా గోడల దాకే లేచింది. అయినా అక్క నాకన్నా ముందుకొచ్చి, జాకెట్టు చేతులు పైకి లాగి చూపించి, 'ఇది ముందు నాకొచ్చింది మేడం, దాచిపెట్టుకున్నా, ఈ పాపకు నా నుంచే అంటింది' అని చెప్పింది."