కుక్కతో కబురు

జీతాల గొడవలో ఆటగాళ్ళను బయటపెట్టి లాకౌట్ ప్రకటించిన రోజే క్లబ్బు యజమాని ఉత్తర్వు పంపాడు. సిబ్బందిలో ఎవరైనా ఆటగాళ్ళతో మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది.

మా ఆయన ఓరెస్ట్ ఆ ఐస్ హాకీ జట్టుకు సహాయ కోచ్. మా అబ్బాయి డానిలో అదే జట్టులో ఆడతాడు.

ఆదివారం భోజనానికి వచ్చిన కొడుకు వైపు చూడకుండా, ఆయన బల్ల కింది కుక్కతో అన్నాడు: "ఒరేయ్, మోకాలికి ఐస్ పెడుతున్నాడేమో అడుగు."

డానిలో పెరోగీ కుడుము నములుతూ కుక్క వైపే వంగాడు. "పెడుతున్నా, వాపు తగ్గట్లేదని చెప్పరా. వాళ్ళ ఓనర్ బుర్రక్కూడా కాస్త పెట్టమను."

నేను కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. పదహారు ఆదివారాలు అలాగే గడిచాయి.

నిన్న ఒప్పందం కుదిరింది. ఈ ఉదయం డానిలో బూట్లకంటిన మంచు కూడా దులుపుకోకుండా లోపలికొచ్చాడు. "నాన్నా, ఇక నాతోనే మాట్లాడొచ్చు!"

ఓరెస్ట్ వాడి మొహం చూడలేదు. మెల్లగా నేలమీద కూర్చుని కుక్క తల నిమిరాడు.

"ఒరేయ్, కొత్త ఒప్పందం ప్రకారం జట్టు ఇద్దరు ఆటగాళ్ళని వదిలించుకోవచ్చట. వీడి మోకాలు ఎలా ఉందని క్లబ్బువాళ్ళు నన్నడిగారు. నిజం చెప్పేశాను. ఆ మాట వీడికి నువ్వే చెప్పరా."