సీటు అదరాలె

"అక్కా, బటన్ నొక్కితే రావాల్నా, తాళం తిప్పితే రావాల్నా?"

"తాళం తిప్పితేనే. ఆయన బటన్ల జోలికి పోడు తమ్మీ."

దుర్గేష్ డ్యాష్‌బోర్డు కింద తలదూర్చి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కార్లకు సౌండ్ సిస్టమ్‌లు బిగించే షాపు అతనిది, ఉప్పల్ రింగురోడ్డు పక్కన. మామూలుగా బండ్లే అతని దగ్గరికి వెళ్తాయి. నాచారంలో రేకుల షెడ్డు కింద పడి ఉన్న ఈ ముసలి అంబాసిడర్ కోసం అతన్ని ఇంటికి రప్పించడానికి విక్టోరియా పొద్దుటి నుంచి ఫోన్ మీద ఫోన్ చేసింది. ఆఖరి ఫోన్లో ఏడ్చేసింది కూడా.

ఏడవదా మరి. నిన్న సాయంత్రం సౌండ్ సగంలో ఆగిపోయింది. ఆమె మొగుడు సంజీవరావు తాళం మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. "నా లెక్కనే దీని పని గూడ అయిపోయింది," అని దిగి, గోడ తడుముకుంటూ వెళ్లి మంచమెక్కాడు. రాత్రి అన్నం ముట్టలేదు.

ముప్పై ఏళ్లు టాక్సీ నడిపిన మనిషి. షుగరు వచ్చి కళ్లను తినేసింది. ఆపరేషన్ చేయించినా చూపు దక్కలేదు. ఆ తర్వాత ఒకరోజు ఎవరికీ చెప్పకుండా, లారీలు తిరిగే ఫ్యాక్టరీల రోడ్డు మధ్యకు నడుచుకుంటూ వెళ్లాడు. ఎవరో రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చి దింపారు. పాపం దారి తప్పాడనుకున్నారు వాళ్లు. దారి తప్పలేదని విక్టోరియాకు తెలుసు.

ఆ రోజే అడిగాడు. "నా బండి ఉన్నదా?"

"షెడ్డుల ఉన్నది. వచ్చి కూసో," అందామె.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఖాకీ చొక్కా తొడుక్కుని డ్రైవర్ సీట్లో కూర్చుంటాడు. తాళం తిప్పుతాడు. వింటూ వింటూ తనలో తాను నవ్వుకుంటాడు. దిగాక కడుపు నిండా తింటాడు. "బండి ఉన్నన్ని దినాలు నేను డ్రైవర్నేనే," అంటాడు. ఆ ఒక్క మాట మీదే ఆ మనిషి బతికి ఉన్నాడు.

"ఇయ్యాల గూడ గిట్లనే ఉంటే పోశయ్యను పిలుస్త. వాడొకసారి సూస్తడు," అని చెప్పి, సంజీవరావు ఇందాకే కూతురు షైనీ చెయ్యి పట్టుకుని ప్రార్థన కూటానికి వెళ్లాడు.

పోశయ్య ఆయనకు పాత దోస్తు. బండ్ల పని తెలిసినవాడు. అతను వస్తే కొంప మునిగినట్టే. చూడగానే ఏమంటాడో విక్టోరియాకు తెలుసు. ఆ మాట మొగుడి చెవిన పడితే, ఈసారి రెక్క పట్టి తెచ్చేవాళ్లు దొరక్కపోవచ్చు.

"ఫ్యూజు మంచిగనే ఉన్నది," అన్నాడు దుర్గేష్. "బానెట్ తెరువక్కా, బ్యాటరీ కాడికెళ్లి కొత్త వైరు గుంజుత."

"బానెట్ వద్దు. బ్యాటరీ డిక్కీల ఉన్నది."

"డిక్కీలనా? గిదేం ఫిటింగక్కా!"

"నీకెందుకు తమ్మీ, జర పని సూడు."

పాత స్పీకర్లు చిరిగి చేటలై ఉన్నాయి. వాటిని పీకేశాడు. కొత్తవి వెనక అద్దం కింద పెట్టబోతే విక్టోరియా అడ్డం పడింది.

"ఆడ కాదు. పెద్దది ముందట, కాళ్ల కాడ వెట్టు. కూసున్న సీటు అదరాలె."

దుర్గేష్ నవ్వాడు. "బావకు ఈ వయసుల డీజే కావాల్నా?"

ఆమె నవ్వలేదు. కొంగు చివర ముడి విప్పి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది.

"జాగ్రత్త తమ్మీ. ఇది పోతే మల్ల యాడ దొరకదు."

"ఏం పాటలక్కా? యేసు పాటలా?"

"ముందుగాల సౌండ్ రానీ," అంది.

సౌండ్ రాలేదు. కొత్త ప్లేయర్లో లైటు వెలిగింది, అంతే. వైర్లు విప్పాడు, మళ్లీ కలిపాడు. తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. దుర్గేష్ మొహంలో నవ్వు పోయింది. "ఒక్క దినం టైమియ్యక్కా. రేపు పొద్దుగాల్నే వస్త."

"రేపటిదాకా ఆగేటట్టుంటే నీకెందుకు ఫోన్ జేస్త?" విక్టోరియా బండి పక్కనే మోకాళ్ల మీద కూలబడింది. "ప్రభువా, కళ్లు ఎట్లాగూ తీసుకున్నవు. దీన్నన్నా ఉండనియ్యి."

వీధి మలుపులో షైనీ గొంతు వినిపించింది. "గుంత ఉంది డాడీ, ఇటు రా."

దుర్గేష్ మళ్లీ డ్యాష్‌బోర్డు కింద దూరాడు. స్పీకరు నుంచి బండి బాడీకి బిగించిన వైరు పట్టి లాగాడు. అది బిగించిన చోట రేకు మీద పెచ్చు పెచ్చుగా తుప్పు. "నీయమ్మ, నువ్వేనా!" అని బ్లేడుతో తెల్లగా మెరిసేదాకా గీకి, వైరు బిగించాడు. ఒక్కసారిగా రేడియోలో ఎవరో అమ్మాయి గలగలా మాట్లాడుతూ షెడ్డు అదరగొట్టింది.

విక్టోరియా ఉలిక్కిపడి రేడియో నొక్కేసింది. "ఇది కాదు! ఆయనది వెట్టు, బిరాన!"

దుర్గేష్ పెన్‌డ్రైవ్ గుచ్చి, తాళం వెనక్కి తిప్పి, పక్కకు జరిగాడు. పరీక్ష చేసే వ్యవధి లేదు. గేటు చప్పుడైంది.

"ఎవరే, షెడ్డుల?"

"తుడుస్తున్న. మస్తు దుమ్ము పట్టింది," అంది విక్టోరియా. దుర్గేష్‌ను చూసి మాట్లాడొద్దని నోటి మీద వేలు పెట్టింది.

సంజీవరావు బండి ఒంటిని నిమురుకుంటూ వచ్చి తలుపు తీశాడు. సీట్లో సర్దుకున్నాడు. తాళం మీద చెయ్యి వేసి, తిప్పడానికి భయపడుతున్నట్టు ఆగిపోయాడు.

"రాకుంటే పోశయ్యను పిలుద్దాం, ఏమంటవ్?"

విక్టోరియా కళ్లు పెన్‌డ్రైవ్ మీదే ఉన్నాయి.

ఆయన తాళం తిప్పాడు. కళ్ల ఆపరేషన్ కోసం ఆయనకు తెలియకుండా విక్టోరియా ఊడదీయించి అమ్మేసిన ఇంజిన్, కాళ్ల దగ్గరి కొత్త స్పీకర్లోంచి ఒకసారి దగ్గి, సీటు అదిరేటట్టు గురగురమని స్టార్టయింది.