కోట కూలని పాఠం

కొయ్యగుర్రం కోట గుమ్మంలో అడుగుపెట్టిన క్షణానే పోలీసు అమీన్ క్లాసులో అడుగుపెట్టాడు.

దేవసహాయం మాస్టారి చేతిలో సుద్దముక్క గాల్లోనే ఆగిపోయింది. తిరుమలగిరి హైస్కూల్లో పదిహేనేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాడాయన. గ్రీకు వీరకావ్యం ఆయనకు కొట్టిన పిండి. పోలీసుల ముందు చెప్పడం మాత్రం ఇదే మొదలు.

"ఏందీ మాస్టరూ, గిదేనా ఆ కథ?" అన్నాడు అమీన్. గుబురు గడ్డం, నడుముకు పిస్తోలు. "ఫిర్యాదొచ్చింది. కోట కూలుతది, రాజు చస్తడు అని పిల్లలకు నూరిపోస్తున్నవంట. దినాలు మంచిగ లేవు, ఎరుకే గదా?"

ఎరుక లేకేం! 1948 సెప్టెంబరు మొదటివారం. సరిహద్దుల్లో యూనియన్ సైన్యం కాచుక్కూర్చుందని బొల్లారం నుంచి బోయిన్‌పల్లి దాకా ఒకటే గుసగుసలు. నిజాం రాజ్యం కూలుతుందని నోరు జారినవాడు మర్నాటికి జైల్లో తేలుతున్నాడు. మాస్టారి ఇంట్లో చూస్తే భార్య కాంతమణికి నెలలు నిండాయి.

"ఇది ఎప్పుడో వేల ఏళ్ళనాటి గ్రీకు కథండీ. సిలబస్‌లో ఉంది."

"అట్లనా? మరి నేను సుత వింట. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే, జెర తెలుగుల చెప్పు." అమీన్ తిన్నగా వెళ్ళి, కిటికీ పక్కనున్న మూడో బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. "గుర్రం లోపలికొచ్చింది. తర్వాత?"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. పాఠం నిన్ననే ఒకసారి అయిపోయింది. ఇవాళ రెండోసారి. గుర్రం పొట్టలోంచి శత్రువులు దిగుతారనీ, కోట తగలబడుతుందనీ, ముసలిరాజు చస్తాడనీ అందరికీ తెలుసు.

ప్రభువా, ఈ ఒక్కసారికి మన్నించు అనుకుని మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"తర్వాతేముందండీ! కోటవాళ్ళేమన్నా వెర్రివాళ్ళా? ఒక సిపాయి గుర్రం పొట్టకు చెవి ఆనించాడు. లోపల ఎవడో దగ్గాడు. అంతే! అక్కడికక్కడే నిప్పెట్టేశారు. మిగిలిన దండు పడవలెక్కి పలాయనం!"

"రాజో?"

"రాజుకేమండీ! మునిమనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిండు నూరేళ్ళూ ఏలాడు."

అబద్ధమాడినా అతికినట్టుండాలి. మాస్టారి గొంతులో తొణుకు లేదు, బెణుకు లేదు. వెనక బెంచీలో యెషయా నవ్వాపుకోలేక పుస్తకంలో మొహం దాచుకున్నాడు.

అమీన్ కళ్ళు క్లాసంతా తిరిగి మొదటి బెంచీలో మేబెల్ మీద ఆగాయి. పోయి పోయి ఆ పిల్లే దొరికిందా! పాస్టరుగారి అమ్మాయి, క్లాసులో ఫస్టు. అబద్ధమాడితే నాలుక ఊడిపోతుందని గట్టిగా నమ్మే పిల్ల.

"నువ్వు చెప్పు బిడ్డా. కోట కూలిందా, లేదా?"

మేబెల్ లేచి నిలబడింది. మాస్టారి వైపు చూసింది, అమీన్ వైపు చూసింది. చెంపలు కందిపోయాయి.

"మా మాస్టారు ఎప్పుడూ తప్పు చెప్పరండీ," అంది.

క్లాసు ఊపిరి పీల్చుకుంది. ఓసి నీ తెలివి తగలెయ్యా అనుకున్నాడు మాస్టారు. ఆ పిల్లను ఎత్తుకుని ముద్దాడాలనిపించింది.

అమీన్ జేబులోంచి కాగితం తీసి, రాసి, పైకే చదివాడు. "పాఠం మొత్తం విన్న. సర్కారుకు ఖిలాఫ్‌గ ఒక్క ముక్క లేదు. ఫిర్యాదు ఖారిజ్, కొట్టేసిన." మాస్టారి చేత సంతకం పెట్టించుకుని కాగితం మడిచాడు. "ఇగ పరేషాన్ కాకు. ఎవడన్న అడిగితే గీ కథనే చెప్పు."

"తప్పకుండానండీ!" మాస్టారు చొక్కా సర్దుకున్నాడు. పోలీసు కళ్ళల్లో కారం కొట్టగలిగినవాడికి స్కూలు సెక్రటరీగారొక లెక్కా, హెడ్మాస్టరుగారొక లెక్కా అనిపించింది.

గుమ్మం దాకా వెళ్ళిన అమీన్ ఆగాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"పదేండ్ల కింద మీరు మాకు చెప్పినప్పుడు కోట కూలింది, సార్."