గెట్టురాయి మీది మచ్చ

సోమమ్మ చేనులో ఎవరో బోర్లా పడుకుని ఉన్నారు.

నీడకు కాదు. మండే ఎండలో, చేను హద్దు చూపే గెట్టురాయికి ముక్కు ఆనించి.

సోమమ్మ గుండె ఝల్లుమంది. ఆ రాయి మీదే ఆమె బతుకు ఆధారపడి ఉంది. పక్క చేను రామచంద్రయ్య పోయిన ఎండాకాలం రాయిని జరిపి, బాయికి ఇవతల పాతించాడని ఆమె మొత్తుకుంటోంది. తాతల నాటి నుంచీ అక్కడే ఉందని ఆయన అంటాడు. శుక్రవారం తాసీలు ఆఫీసు నుంచి భూమి కొలతలు చూసే గిర్దావర్ వచ్చి పంచాయితీ తెంపుతాడు. రాయి అక్కడే నిలిచిందా, బాయి ఆయనది. బాయి లేని తన ఎకరన్నరలో పండేది దుమ్మే.

"ఎవరు నువ్వు? రామచంద్రయ్య తోలిండా?"

ఆ మనిషి లేచి కూర్చున్నాడు. అరవై దగ్గర పడ్డ ముసలాయన. తెల్లంగీ నిండా మట్టి. చేతిలో చిన్న భూతద్దం.

"ఎవ్వలు తోలలే బిడ్డా. దీన్ని సూసి పోదామని వచ్చిన."

రాయి మీద పావలా బిళ్లంత పసుప్పచ్చ మచ్చ. సోమమ్మ ఏనాడూ పట్టించుకోనిది.

"పాచిని సూసెతందుకు గింత ఎండల పండుకున్నవా?"

"పాచి కాదు. మసాలాల ఏసే రాతిపువ్వు లేదూ, దాని సుట్టం. జర గీ అద్దంలకెల్లి సూడు."

నాలుగు తిట్లు తిడదామనుకుంటూనే వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

అద్దం కింద మచ్చ లేదు. ఎండిన చెరువులా పగుళ్లిచ్చిన పసుపు నేల ఉంది. ఆ నేల నిండా ఆవగింజ కన్నా చిన్న గిన్నెలు. గిన్నె గిన్నెకూ బంగారు అంచు.

"గిదంత రాయి మీదనే ఉన్నదా?"

"ఉన్నది. అది ఒక్క పాణం కాదు బిడ్డా, రెండు. ఒకటి ఇల్లు కడతది. ఇంకోటి ఆ ఇంట్ల కూసోని ఎండతోటి బువ్వ వండుతది. ఆ పసుపు రంగు ఎండకు మాడకుండ కప్పుకున్న గొడుగు. ఏడాదికి గోరు మందం పెరుగుతది, అంతే."

"మరి గింత కావాలంటే?"

"ముప్పై ఏండ్లు."

తన పెండ్లి కంటే పెద్దది! సోమమ్మకు ఒళ్లు గగుర్పొడిచింది.

ముసలాయన రాయి మొదట్లో వేలితో మట్టి కదిపి చూశాడు. మొహం మారింది.

"శుక్రారం దాక దీన్ని ముట్టకు బిడ్డా. నేనొస్త."

"శుక్రారం పంచాయితీ అని నీకెట్ల ఎర్క?"

"ఆఫీసుల ఇన్న."

అంతే, ఆమె మనసు విరిగింది. ఆఫీసులో తిరిగేవాళ్లంతా రామచంద్రయ్య మనుషులే కదా!

"సరే గాని, గుక్కెడు నీళ్లు పొయ్యి బిడ్డా."

"బాయి ఎవరిదో తేలనియ్యి. గప్పుడు రా, పోస్త."

ముసలాయన చిన్నగా నవ్వి, ఎండలోనే నడిచి వెళ్లిపోయాడు.

గురువారం సోమమ్మ రాయికి స్నానం చేయించింది. రేపు పంచాయితీలో రామచంద్రయ్య గెట్టురాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేయాలి, అందుకు రాయి మైల లేకుండా ఉండాలి. మైల రాయి మీద ఆడిన అబద్ధం మనిషికి తగలదని ఆ ఊరి నమ్మకం. రామచంద్రయ్య అబద్ధం ఆయనకు తగలొద్దూ? ఇటుక ముక్కతో రాయిని గీకి గీకి కడిగింది. సున్నం కొట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. ముట్టొద్దన్నాడని ఇంకో నాలుగు గీకులు ఎక్కువే గీకింది.

శుక్రవారం గిర్దావర్ బండి దిగాడు. వెనకాలే ముసలాయన దిగాడు.

రాయిని చూసి ఆగిపోయాడు.

"ఎంతసేపు గీకినవ్ బిడ్డా?"

"ఒక్క పూట."

ఆయన మచ్చ ఉండిన చోట సున్నం మీద అరచెయ్యి పెట్టాడు.

రామచంద్రయ్య రాయి మీద చెయ్యి వేశాడు.

"మా తాత నాటి సంది గీడనే ఉన్నది."

"మొదట్ల తవ్వుండ్రి," అన్నాడు ముసలాయన.

జానెడు తవ్వారు. ఇటుక ముక్క చేరని చోట, మట్టి కింద, వెలిసిపోయిన పసుపు మచ్చలు నాలుగు బయటపడ్డాయి.

"ఎండ లేంది గిది పుట్టదు. మట్టిల ఎట్ల పుట్టింది రామచంద్రయ్యా?"

రామచంద్రయ్య చెయ్యి తీసేశాడు.

ముసలాయన బాయి దాటి, అడుగులో అడుగు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయి ఆగాడు. "గీడ తవ్వుండ్రి."

మోకాలి లోతున పిడికెడు బొగ్గులు దొరికాయి.

"సర్కారు భూములు కొలిచి హద్దులు పెట్టే బందోబస్తుల రాయి కింద బొగ్గులు పోస్తరు," అన్నాడు గిర్దావర్. "రాయి పోయినా జాగా పోవద్దని. బాయి సోమమ్మదే."

సోమమ్మ బాయి దగ్గరికి ఉరికింది. కళ్లు మసకలు కమ్ముతుంటే నీళ్లు చేది, చెంబు నింపుకుని వచ్చింది.

ముసలాయన అప్పటికే నకిరేకల్ బాటన చాలా దూరం వెళ్లిపోయాడు.

"పొద్దుగూకే లోపట ఇంకో రాయి సూసేదున్నదట," అన్నాడు గిర్దావర్.

"గాయిన ఏ ఊరి పెద్ద సారు?"

"సారేంది? పెద్దులు ఆయన పేరు. కొలతలల్ల గొలుసు పట్టిన కూలి. ఒక కాలేజీ సారు గుట్టలన్ని తిప్పించుకోని, గీ రాతిపువ్వుల ముచ్చట్లన్ని చెప్పి, అద్దం ఇచ్చి పోయిండట. గప్పటి సంది ఏటా వచ్చి మచ్చలు కొలుసుకుంటడు. నీ రాయి మీది మచ్చను సుక్కంత ఉన్ననాటి సంది సూస్తుండు."

"ఊర్ల గిన్ని రాళ్లుండంగ నా రాయే ఎందుకు సారు?"

గిర్దావర్ బండి ఎక్కుతూ చెప్పాడు.

"ముప్పై ఏండ్ల కింద దాన్ని నెత్తిన మోసుకొచ్చి, బొగ్గులు పోసి పాతింది గాయిననే."