పారేసిన యానిమోన్

“దాని మీద చెయ్యి పడ్డదంటే బాగుండదు మనీష్ భాయ్!”

షారోన్ రెండు చేతులూ చాపి ఉప్పునీటి తొట్టికి అడ్డంగా నిలబడింది. శాలిబండలో రంగుచేపల దుకాణం నడిపే మనీష్ ప్లాస్టిక్ కవరు పట్టుకుని గడపలో నవ్వుతున్నాడు.

“క్యా భాభీ, ఒక్క యానిమోన్ కోసం గింత లొల్లా? నా షాపులదే కద.”

“నీ షాపులదా? మూడు నెలల కింద చచ్చిందని చెత్తబుట్టల ఏసినవ్. నీదని గప్పుడు యాదికి రాలేదా?”

అక్షరాలా నిజం. పువ్వులా విచ్చుకునే ఆ సముద్రపు జీవి అప్పుడు రంగంతా పోయి సున్నం ముద్దలా పడి ఉంది. దాన్ని చెత్తలోంచి తీసి ఇంటికి తెచ్చింది షారోన్ భర్త వెస్లీ. ఆర్టీసీ డిపోలో మెకానిక్ అతను. డ్యూటీ దిగి రాగానే నీళ్లు మార్చేవాడు, లైటు తగ్గించి కూర్చునేవాడు. సర్కారు దవాఖానలో నర్సు అయిన షారోన్ రొయ్యను మెత్తగా నూరి, సిరంజితో దాని నోటికి అందించేది. తాము నల్లా నీళ్లు తాగి, క్యాన్ నీళ్లు దానికి పోశారు. పారేసినవాడు ఇప్పుడొచ్చి నాదంటున్నాడు! సిగ్గు అంగట్లో దొరికితే కాస్త కొనిపెట్టాల్సిన మనిషి.

“మంచిగయితే వాపసియ్యమనే ఇచ్చిన,” అన్నాడు మనీష్ కళ్లార్పకుండా, తొట్టి పక్కన నిలబడ్డ వెస్లీ వైపు తిరిగి. “వాట్సాప్‌ల నువ్వు పెట్టిన దీని ఫొటో చూసి గిరాకీకి మాటిచ్చిన వెస్లీ భాయ్. ఇయ్యకుంటే రేపటి సంది తొట్టిల కలిపే ఉప్పు నన్ను అడగకు. ఉన్న చేపలు గూడ చస్తయ్.”

వెస్లీ తల దించుకున్నాడు.

“ఇచ్చేద్దాం షారోన్.”

“నీకు పౌరుషం లేదా? రొయ్యలు నూరి నూరి నా చేతులు పడిపోయినయ్!”

వెస్లీ ఆమెను పక్కకు జరిపి తొట్టిలో చెయ్యి పెట్టాడు. యానిమోన్‌ను అది అంటుకున్న రాయితో సహా తీసి కవరులోకి దించాడు. మనీష్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

“గింత చిన్నగయిందేంది? నా దగ్గర పళ్లెమంత ఉండె.”

“జబ్బు పడి లేచినోళ్లు లావెక్కుతరా? అడగనీకి నోరెట్ల వచ్చింది నీకు?”

“లోపల ఇంకేమన్న పెంచుతున్నరా?” అంటూ అతను వంటింటి వైపు అడుగేశాడు.

“నా వంటింట్ల కాలు పెడితే అట్లకాడ తిరగేస్త! అడిగింది దొరికింది కద, నడువ్!”

ఆ అరుపుకు పక్కింటివాళ్లు తలుపు తీశారు. మనీష్ కవరును గుండెకు హత్తుకుని గబగబా ఆటో ఎక్కాడు. అది సందు మలుపు తిరిగేదాకా షారోన్ గడపలోనే నిలబడి తిట్టింది. తర్వాత లోపలికొచ్చి గొళ్లెం పెట్టింది.

వెస్లీ వంటింట్లోంచి మూతపెట్టిన బకెట్ తెచ్చాడు.

“నిమ్మళంగ దించు,” అంది షారోన్ తొట్టి మూత తీస్తూ. “యానిమోన్ దానంతటదే రెండుగ చీలినంక ఇదే పెద్ద సగం.”