పగలు పెట్టిన పిన్ను

"పట్టపగలు ఛార్జింగ్ పెట్టిందెవరు?"

గులాం మొహిద్దీన్ అరిచిన అరుపుకి పక్కింటి మాణిక్యమ్మ చేతిలోని చెంబు తొణికింది. కుట్టుపని నుంచి అప్పుడే వచ్చిన కూతురు ముబీనా గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి హలీమాను ఇద్దరు మనుషులు నేల మీద నుంచి లేపి మంచం మీద పడుకోబెడుతున్నారు. ఆమె నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. స్టీలు గ్లాసు నీళ్ల బిందె పక్కన దొర్లి ఉంది.

"నేను పెట్టలేదు నాన్నా."

"మరి పిన్ను దానికదే వెళ్లి దూరిందా? రాత్రి పూట తప్ప పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"అల్లా తోడు, పొద్దున్నే తీసేశాను. స్విచ్చి అమ్మ చేతికిచ్చి నొక్కించాను. వెళ్తా వెళ్తా కొట్టు దగ్గర ఆగి అడిగితే బెల్లు మోగిందని మీరే అన్నారుగా."

"అన్నాను. ఆ తర్వాత ఇంటికొచ్చి మళ్లీ పెట్టుంటావ్. ఒళ్లు దగ్గర పెట్టుకుంటేగా!"

ముబీనా చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మొహిద్దీన్ రేపల్లెలో రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేస్తాడు. కొట్టు ఇంటికి నాలుగు గడపల అవతల. హలీమాకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక ఈ బెల్లు తయారుచేశాడు. స్విచ్చి ఆమె ఎడంచేతిలో ఉంటుంది, బెల్లు కొట్లో మోగుతుంది. మన ఊరి కరెంటు సంగతి తెలిసినవాడు కనుక బ్యాటరీ పెట్టాడు. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు బెల్లు ఊరికే బుర్రుమంటోందని పాత సెల్‌ఫోన్ సాకెట్ ఒకటి తెచ్చి బ్యాటరీ డబ్బాకు బిగించాడు. పిన్ను గుచ్చితే లోపల రేకు పైకి లేస్తుంది, బెల్లుకూ బ్యాటరీకీ మధ్య లంకె తెగిపోతుంది. పిన్ను లాగితే మళ్లీ కలుస్తుంది. పిన్ను ఉన్నంతసేపు నొక్కినా మోగదు కనుక, తను ఇంట్లో ఉండే రాత్రి పూటే ఛార్జింగ్ పెట్టాలన్నాడు.

"ఇంకే స్విచ్చీ అక్కర్లేదు. మనం మర్చిపోయినా అది మర్చిపోదు" అంటూ ఆవేళ మంచం పక్కన కూర్చుని పదిసార్లు గుచ్చి, పదిసార్లు లాగి చూపించాడు. హలీమా కూడా ముచ్చటగా చూసింది.

ఇవాళ పొద్దున ముబీనా వెళ్లాక బెల్లు ఒక్కసారి కూడా మోగలేదు. మోగలేదని మొహిద్దీన్ కంగారు పడాలా? పడలేదు. నిన్న తను గట్టిగా అన్న మాట పనిచేసిందనుకుని సంతోషించాడు. నిన్న అలా అనకేం చేస్తాడు? హలీమా మధ్యాహ్నం లోపు ఏడుసార్లు మోగించింది. ఏడోసారి విప్పిన టేపు రికార్డరు అలాగే వదిలేసి పరిగెత్తుకొస్తే, "టైమెంతైందండీ?" అని అడిగింది.

"టైము అడగటానికటే పెట్టింది బెల్లు? కొట్లో మనుషులు నవ్వుతున్నారు. ప్రాణం మీదికొస్తే నొక్కు, అంతే!" అనేసి వెళ్లిపోయాడు.

ఇవాళ అన్నానికి వచ్చేసరికి ఆమె నేల మీద ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఎడంచేతిలో స్విచ్చి మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది. మంచం తలాపున డబ్బాలో పిన్ను, దాని మీద ఎర్రలైటు వెలుగుతోంది.

ఆర్.ఎం.పి. డాక్టరు జ్ఞానానందం కాలు కదిపి చూసి పెదవి విరిచాడు.

"తుంటి ఎముక విరిగినట్టుందండి. ఆలస్యం చెయ్యకుండా తెనాలి తీసుకెళ్లండి."

"వ్యానుకి మావాణ్ణి పంపాను అన్నయ్యా, వచ్చేస్తది. ఆ పిల్లని తిట్టమాకండి, ఎండన పడి వచ్చింది" అంది మాణిక్యమ్మ.

మొహిద్దీన్ కోపం అంతటితో చల్లారింది. చల్లారాక మిగిలింది అంతకన్నా అన్యాయంగా ఉంది. పిల్ల పెట్టినా, ఎవరు పెట్టినా, పిన్ను గుచ్చితే మోగకుండా చేసింది తనే కదా? బుర్రుమంటే బుర్రుమననిస్తే పోయేది. తెలివి చూపించుకున్నాడు. ఆ తెలివి ఇవాళ తన హలీమాను నేల మీద పడేసింది. అతనికి తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

జేబులోంచి కటింగ్ ప్లేయరు తీసి డబ్బా దగ్గరికి వంగాడు. వైరుకు ప్లేయరు తగిలించాడో లేదో, హలీమా ఎడంచెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"వద్దండీ."

"ఉండనీయను. నీ ప్రాణం మీదికి తెచ్చింది ఇదే."

"అది బాగానే చేస్తంది." పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు మాట కూడబలుక్కుంటేగాని రాదు. "పిల్లనేం అనమాకండి. దాహమేస్తే నేనే లెగవబోయి పడ్డాను."

"బెల్లు మోగకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావే! ఆ పిన్ను పెట్టినవాళ్లని అనాలి."

హలీమా అతని మణికట్టు వదల్లేదు. కూతురి వైపు ఒకసారి చూసి, మళ్లీ మొగుడి వైపు తిరిగింది.

"పిన్ను నేనే పెట్టానండీ... మిమ్మల్ని చూడాలనిపించినప్పుడల్లా నొక్కకుండా ఉండలేను, మోగితే మీరు విసుక్కుంటారని."